శాపము లేని దుష్యంతుడు

నలువది యేండ్లు దాటిన ఉపాధ్యాయునకు ఒక విధమైన మనోవ్యాధి సంక్రమించును. తాను అక్షరములు దిద్దించిన బాలురు తనకంటె గొప్ప యుద్యోగములలో కుదురుకొనుచుండగా, తాను వ్రాయదలచి వ్రాయని పుస్తకములను, చేయదలచి చేయని పనులను లెక్కించుకొనుచు, “ఇంకేమున్నది, కాలము మించిపోయినది” అని నిట్టూర్చుట ఆ వ్యాధి లక్షణము. నాకిప్పుడు 46 సంవత్సరములు. ఆ వ్యాధి నన్నును విడువలేదు. ఇట్టి దినములలో నొక సాయంకాలము, రష్యా దేశపు తొలినాటి చలనచిత్రములను గూర్చిన ఆంగ్ల గ్రంథమొకటి చదువుచుండగా, ఒక సంగతి నన్ను నిలువరించినది. యెవ్గేనీ బావర్ అను నతడు తన 48వ యేట దర్శకుడై, 52వ యేట మరణించెను. నడుమ నున్న నాలుగేండ్లలో సుమారు 80 చిత్రములు తీసెను.

ఇది చదివి నాకు గొప్ప యూరట కలిగినది. “నాకింకను రెండేండ్ల వ్యవధి యున్నది సుమా!” అని నా భార్యతో నవ్వుచు నంటిని. ఆమెయు నవ్వినది. అతని చిత్రములలో మిగిలినవి కొన్ని ఇప్పుడు ఇంట కూర్చుండియే కంప్యూటరుపై చూచుటకు వీలైనవి. రాత్రి భోజనములైన పిమ్మట ఇద్దరమును కలిసి ఒక్కొక్కటే చూడ మొదలిడితిమి. ఊరట కోరి తెరిచిన ఆ తలుపు వెనుక నాకు వేరొకటి కనబడినది. అదేమో చెప్పుటకే ఈ వ్యాసము. కాని ముందుగా ఆ మనుష్యుని గూర్చి చెప్పవలెను. మన పాఠకులలో అతని పేరు విన్నవారు తక్కువగా నుందురు.

బావర్ 1865వ సంవత్సరమున మాస్కో నగరమందు జన్మించెను. రష్యాలో భూస్వాములకు బానిసలై పడియున్న రైతులకు విముక్తి కలిగి అప్పటికి నాలుగేండ్లు మాత్రమే యైనది. అతని తండ్రి బొహీమియా దేశమునుండి వచ్చిన సంగీత విద్వాంసుడు. జితర్ అను తంత్రీవాద్యమును వాయించుటలో ప్రసిద్ధుడు. కుమారుడు మాస్కోలోని చిత్రకళా శిల్ప వాస్తు విద్యాలయమున చదివెను. ఆ పిదప పాతికేండ్ల కాలము అతడు చేయని పని లేదు. పత్రికలకు వ్యంగ్యచిత్రములు గీసెను, ఛాయాచిత్రములు తీసెను, నాటకశాలలకు రంగాలంకరణము సమకూర్చెను. ఇన్ని పనులు చేసినను, దేనియందును చరిత్రలో నిలువదగిన పేరు సంపాదింపలేదు. నలువదియైదేండ్ల వయస్సున అతనిని చూచినవారు, చేతిలో పనితనము గలిగియు అదృష్టము లేనివాడని యనుకొనియుందురు.

1913లో రొమనోవ్ వంశము సింహాసన మెక్కి మూడు వందల యేండ్లు నిండినవి. ఆ యుత్సవ సందర్భమున ద్రాన్కోవ్, తల్దీకిన్ అను నిర్మాత లిరువురు ఒక చిత్రమును తలపెట్టి, దాని యలంకరణమునకు బావరును పిలిచిరి. అతడు అలంకరణము చేయబోయి, ఆ సంవత్సరముననే తానే దర్శకుడై బయటపడెను. ఆ 1913వ సంవత్సరముననే మన దేశమున ఫాల్కేగారి ‘రాజా హరిశ్చంద్ర’ బొంబాయిలో తెరకెక్కినది. ఫాల్కేగారును చిత్రకళ చదివి, ఛాయాచిత్రములు తీసి, నలువది దాటిన పిమ్మటనే సినిమాకు వచ్చినవారు. ఒకరినొకరు ఎరుగని ఈ యిరువురును, అంతవరకు నేర్చిన విద్యలన్నియు ఏ పనికై నేర్చితిమో ఆ యేడే తెలిసికొనినట్లు తోచును.

1913 చివర బావర్ ఖాన్‌జోంకోవ్ అను నిర్మాత సంస్థలో చేరెను. మరుసటి యేడు మహాయుద్ధము వచ్చినది. సరిహద్దులు మూతపడి విదేశ చిత్రముల రాక తగ్గగా, రష్యను ప్రేక్షకులకు రష్యను చిత్రములే దిక్కైనవి. ఆ యవకాశమున బావర్ రెండు మూడు వారముల కొక చిత్రము చొప్పున తీసెను. ఇంత వడిగా పనిచేసినను, చిత్రములలో తొందర కనబడదు. అప్పటి చిత్రములు పెక్కింటిలో గది యనగా వెనుక నొక రంగుల గుడ్డ, ముందు నొక బల్ల. బావర్ గదికి లోతు కల్పించెను. ముందొక స్తంభము, దాని వెనుక నొక పలుచని తెర, దానికావల మెట్లు, మెట్లకావల కిటికీ, ఆ కిటికీనుండి వచ్చు వెలుతురు. మనుష్యులు ఆ స్తంభముల నడుమ చిన్నవారై తిరుగుచుందురు. కెమేరాను ఒక్కచోట పాతిపెట్టక, పాత్రవైపునకు మెల్లగా జరుపుట, పాత్రనుండి మెల్లగా వెనుకకు తీయుట అతనికి తెలిసిన విద్య. బోరిస్ జావెలెవ్ అను ఛాయాగ్రాహకుడు ఇందులో అతనికి కుడిభుజమై నిలిచెను. ‘మరణించుచున్న హంస’ అను చిత్రమున, నిద్రించుచున్న నర్తకి మంచమునుండి కెమేరా వెనుకకు జరుగుచు జరుగుచు, ఆ చీకటి గది యంతయు ఆమె కలగా మారిపోవు ఘట్టమున్నది. నూరేండ్లు గడచినను దానిని చూచునప్పుడు ఒడలు జలదరించును.

మొదటి రాత్రి మేము చూచినది 1913లో అతడు తీసిన చిత్రము. అతని చిత్రములలో నేటికి మిగిలినవానిలో మొదటిది ఇదియే. దాని పేరును తెలుగున ‘స్త్రీ యాత్మలోని సంధ్య’ యని చెప్పవచ్చును. కథ ఇది. వేరా అనునామె సంపన్న కుటుంబపు కన్య. విందులు, వినోదములు ఆమెకు రుచింపవు. తల్లితో కూడి బీదల యిండ్లకు దానధర్మములకై పోయి, అక్కడి దుఃఖమును చూచి చలించును. ఆ బీదలలో మక్సీమ్ అను పనివాడొకడు తాను జబ్బుపడితినని అబద్ధపు జాబు వ్రాసి ఆమెను తన గదికి రప్పించి బలాత్కరించును. ఆమె వానిని చంపి యిల్లు చేరును. ఎవరికిని తెలియదు. కొంతకాలమునకు దోల్‌స్కీ యను రాకుమారుడు ఆమెను ప్రేమించును. ఆమెయు ప్రేమించును. పెండ్లికి ముందే నిజము చెప్పవలెనని ఆమె యత్నించును గాని సమకూడదు. పెండ్లియైన పిమ్మట చెప్పును. విన్న రాకుమారుడు ఆమెనుండి వెనుకకు జంకును.

ఇంతవరకు మనకు క్రొత్త కథ కాదు. హార్డీగారి ‘టెస్’ చదివినవారు, టెస్ తన కథ చెప్పిన రాత్రి ఏంజెల్ క్లేర్ యేమాయెనో ఎరుగుదురు. క్రొత్తదనము తరువాత నున్నది. రాకుమారుడు జంకిన క్షణముననే వేరా అతనిని చూచి, అతడెంతటివాడో తెలిసికొని, ఏడ్చి కాళ్లపై బడక, ఇల్లు విడిచి వెళ్లిపోవును. రష్యాలో 1914 వరకు భర్త యనుమతి లేక భార్యకు ప్రత్యేకమైన పాస్‌పోర్టు దొరకెడిది కాదని తెలిసినవారికి, 1913లో తెరమీద తలుపు దాటిన ఆ యడుగు ఎంత బరువైనదో అర్థమగును. ఆమె రంగస్థలమున నటియై కీర్తి గడించును. రాకుమారుడు పశ్చాత్తాపముతో సంవత్సరముల తరబడి వెదకి, తుదకామెను కనుగొని, క్షమింపుమని వేడును. ఆమె ఆలస్యమైనదని చెప్పి నిరాకరించును. అతడు తన్ను తాను కాల్చుకొనును.

సంస్కృతము చదువుకొన్నవాడను గనుక నాకు వెంటనే శకుంతల తలపునకు వచ్చినది. నిండు కొలువులో ఒక స్త్రీ నిజము చెప్పును. విన్నవాడు “నిన్నెరుగను” అనును. కాళిదాస మహాకవి రాజును కాపాడుటకు దుర్వాసుని శాపమును కల్పించెను. శాపముచేత మరచెనే గాని మనసున కల్మషము లేదని మనము ఆరవ యంకమున దుష్యంతునితో కలిసి దుఃఖింతుము. కాని మూలభారతమున శాపము లేదు. మన నన్నయగారి భారతముననులేదు. అచ్చటి దుష్యంతునకు అంతయు జ్ఞాపకమున్నది. లోకమేమనునో యను భయముచేత ఎరుగనని పలికెను. ఆకాశవాణి పలికి ఆ తల్లినీ బిడ్డనూ రక్షించినది. బావర్ చిత్రమునందలి రాకుమారునకు శాపమును లేదు, అతనిని సరిదిద్దుటకు ఆకాశవాణియు లేదు. పైగా అతడు దుర్మార్గుడు కాడు. మంచివాడు, చదువుకొన్నవాడు, ప్రేమించినవాడు. ఒక్క నిమిషమున తప్పిపోయెను.

మరొక సంగతి. అది మూకీచిత్రము. వేరా చెప్పు మాటలు మనకు వినబడవు. నాటకమునందైనచో ఆమె కంఠము, ఆమె గద్గదము మన దృష్టిని లాగికొనును. ఇందు ధ్వని లేకపోవుటచేత, చెప్పునామెతోబాటు విన్నవాని ముఖమును గూడ మనము చూడక తప్పదు. ఒక స్త్రీ తన దుఃఖమును చెప్పుట యను సంఘటన, ఒక పురుషుడు దానిని వినలేకపోవుట యను సంఘటనగా మారిపోవును.

చిత్రము ముగిసిన పిమ్మట నా భార్య లేచి పాలు తోడుపెట్టుటకు లోపలికి పోయి, గుమ్మమువద్ద నిలిచి, “ఆ దొరబిడ్డ మొహం చూస్తే నాకు ఆనాటి మీ మొహమే కనబడిందండీ” అన్నది.

ఏ నాడో ఆమె చెప్పలేదు. నేనడుగలేదు. నాకు తెలియును.

పదునెనిమిదేండ్ల క్రిందటి మాట. నా తమ్మునికి సంబంధము కుదిరినది. కన్య చదువుకొన్నది, ఉద్యోగము చేయుచున్నది, ఇరుపక్షములవారికిని ఇష్టము. కట్నము మాట ఎత్తరాదని నేనే పట్టుబట్టి, సంస్కర్తనని లోలోపల మురియుచుంటిని. ముహూర్తమునకు నెల యున్నదనగా ఆ యువతి నా తమ్మునితో ఒంటరిగా మాట్లాడవలెనని కోరి, తన పదునారవ యేట దగ్గరి బంధు వొకడు తనకు చేసిన అన్యాయమును చెప్పినది. “తెలియకుండా మీ యింటికి రావడం నాకిష్టం లేదు” అన్నదట. తమ్ముడు నా వద్దకు వచ్చి, తలవంచుకొని, “అన్నయ్యా, నువ్వు చెప్పినట్లు చేస్తాను” అన్నాడు. అతనికప్పుడు ఇరువదియారేండ్లు. నేను ఒక్క మాట చెప్పియుండినచో ఆ పెండ్లి జరిగియుండెడిది. ఆ సంగతి నాకు అప్పుడును తెలియును.

నేను వలదని చెప్పలేదు. ఇంతకాలమును నాకున్న సమాధానమదియే: నేను వలదని చెప్పలేదు. “కొంచెము ఆలోచింతము” అని మాత్రమే అంటిని. తరువాత మూడు వారములు మాటాడలేదు. ఆ మూడు వారములలోనే వారివైపువారు గ్రహించికొని, మర్యాదగా, జాతకములలో ఏదో దోషమున్నదని వారే కబురంపిరి. పోయినదేదో పోయినదని మా తల్లిగారు వేరొక సంబంధము చూచిరి. ఆ మరుసటి వారము నేను తరగతిలో శకుంతలోపాఖ్యానము చెప్పితిని. సత్యము యొక్క మహిమను గూర్చి శకుంతల సభలో పలికిన పద్యములను ఎంత రాగయుక్తముగా చదివితినో, పిల్లలు ఎంత నిశ్శబ్దముగా వినిరో నాకిప్పటికిని జ్ఞాపకమున్నది.

“ఆ పిల్ల నోరు మూసుకుని ఉంటే నాకు తోడికోడలై ఉండేది. నిజం చెప్పి పోగొట్టుకుంది” అని నా భార్య ఆనాడే ఒకమారు అన్నది. నేను పత్రిక చదువుచున్నట్లు నటించితిని. పదునెనిమిదేండ్లు ఆమె మరల ఆ మాట ఎత్తలేదు.

ఈ రాత్రి తరువాత కొన్ని దినములు ఆ చిత్రముల జోలికి పోలేదు. మరల చూడ మొదలిడినప్పుడు నా కండ్లు వేరైనవి. అంతకుముందు స్తంభములను, తెరలను, వెలుతురును చూచి మెచ్చుకొనుచుంటిని. బావరును నిందించిన విమర్శకులును వానినే చూచి, ఇది సంపన్నుల గదుల వైభవమే గాని వేరేమియు కాదనిరి. ఆ గదులలో ఎవరెవరు నిలుచుండిరో చూచుట నేనప్పుడు నేర్చితిని.

1914లో అతడు తీసిన ‘మూగసాక్షులు’ అను చిత్రమున్నది. ఆ పేరు పనివారిని గూర్చినది. మాస్కోలో నొక సంపన్న గృహము. దాని ద్వారపాలకుని మనుమరాలు నాస్త్యా ఆ యింట పనికి కుదురును. యజమాని యువకుడు తన ప్రేయసి తన్ను త్రోసిపుచ్చినప్పుడు నాస్త్యాతో ఊరట పొందును. ప్రేయసి మరల చేయి చాపగానే నాస్త్యాను మరచును. ఆ వధువు మరొకనితో తిరుగుచున్న సంగతి పనివారందరు ఎరుగుదురు, యజమాని మాత్రమెరుగడు. గొప్పింటివారి రహస్యములన్నియు మెట్లక్రింద నిలుచున్నవారి కండ్లలో నున్నవి. వారు మాటాడరు, మాటాడినను వినువారు లేరు. మన యిండ్లలో అంట్లు తోముకొనుచు, కాఫీ గ్లాసులు తీసికొని పోవుచు, మన సంభాషణములన్నియు వినుచున్న మనుష్యులను మనము ఎన్నడైన సాక్షులుగా నెంచితిమా? అట్టి సాక్షి నా యింటనే యొకరు పదునెనిమిదేండ్లనుండి యున్నారని నాకీ చిత్రము చూచువరకు తోచలేదు.

బావర్ చిత్రములలో దోషములు లేవని చెప్పబోను. కథలు కొన్ని యతికినట్లుండును, మరణములు మితిమీరియుండును. అయినను విషాదాంతము ఆనాటి రష్యను ప్రేక్షకులకు ప్రియమైనది. దానిని తీర్చుటయు అతని వృత్తి. ‘మహానగరపు బిడ్డ’ అను చిత్రమున, కుట్టుపని చేసికొను పేద పిల్లను ధనికుడొకడు చేరదీయును. తుదకు ఆమె అతని సర్వస్వమును హరించి, తన వాకిట కాల్చుకొని చచ్చిన అతని శవమును దాటి విందునకు పోవును. ఇది స్త్రీనింద కాదా యని మొదట అనుకొంటిని. రెండవమారు చూడగా, అతనికి కావలసినది మనిషి కాదు, తాను ఊహించుకొన్న నిర్మలమైన బొమ్మ యని తోచినది. బొమ్మ దొరకనప్పుడు అతడు విరిగిపోయెను. 1917లో వచ్చిన ‘మరణించుచున్న హంస’లో ఇది ఇంకను స్పష్టము. మాస్కో బొల్షోయ్ నాటకశాల నర్తకి వేరా కరల్లీ అందులో మూగపిల్లగా నటించినది. మరణమునే చిత్రింపగోరు చిత్రకారుడొకడు ఆమె విషాదమును చూచి పరవశుడై, తన పటమునకు ఆమెను కూర్చుండబెట్టును. ఆమెకు ప్రేమ దొరకి ముఖమున ఆనందము కనబడగానే, తన పటము చెడునని ఆమె గొంతు పిసికి చంపును. స్త్రీ దుఃఖమును చూచి కరగువాడు, ఆమె సుఖపడుటను ఓర్వలేడు. దయ యని మనము చెప్పుకొనుదానిలో ఎంత భాగము ఇట్టిదో పరీక్షించి చూచికొనవలెను. కట్నము వలదన్న ఆనాటి నా యుదారత్వము కూడ అట్టిదే. ఆమె నిష్కళంకయైన బీద కన్యగా నిలుచున్నంతకాలము నేను దాతను. ఆమె నిజము చెప్పి నాతో సమానముగా నిలుచుండగానే నా చేయి వెనుకకు పోయినది.

1917 ఫిబ్రవరి విప్లవమున రాచరికము కూలినది. బావర్ వెంటనే, సైబీరియా ప్రవాసమునుండి తిరిగివచ్చిన వృద్ధుని కథతో ‘విప్లవకారుడు’ అను చిత్రము తీసెను. ఆ వేసవి ముందు క్రిమియాకు పోయి చిత్రములు తీయుచు, పడి కాలు విరుగగొట్టుకొనెను. ‘సౌఖ్యము కొరకు’ అను చిత్రమున నటించి, అలంకరణమును గూడ చేసిన పదునెనిమిదేండ్ల యువకుని పేరు లెవ్ కులెషోవ్. తరువాతి కాలమున సోవియెట్ చిత్రకళకు ఆచార్యుడైనవాడు. బావర్ ‘పారిస్ రాజు’ను ముగింపకముందే న్యుమోనియా సోకి, 1917 జూనులో యాల్టాలో మరణించెను. నటి ఓల్గా రఖ్మానోవా దానిని పూర్తిచేసినది.

అక్టోబరు విప్లవము వచ్చినది. 1919 ఆగస్టులో లెనిన్ సినిమాను జాతీయము చేసెను. క్రొత్త దర్శకులు వచ్చిరి. చిన్న చిన్న ముక్కలను చకచక అతికి అర్థము పుట్టించు క్రొత్త పద్ధతి వచ్చినది. 1925లో ఐజెన్‌స్టయిన్ ‘బాటిల్‌షిప్ పొటెమ్‌కిన్’ లోకమును కదిలించినది. రష్యను సినిమా చరిత్ర అచ్చటనే మొదలైనట్లు వ్రాసిరి. బావర్ పేరు వినబడినను, క్షీణించిన వర్గపు అలంకారప్రియుడని యొక వాక్యముతో ముగించిరి. అతని చిత్రములు మూడింట రెండు వంతులు నశించినవి. మిగిలిన సుమారు 26 చిత్రములు మాస్కో భాండాగారములలో డబ్బాలలో పడియుండెను. 1989లో ఇటలీ దేశపు పోర్దెనోనే పట్టణమున జరుగు మూకీచిత్రోత్సవమున విప్లవమునకు పూర్వపు రష్యను చిత్రములను వరుసగా ప్రదర్శించినప్పుడు, లోకము అతనిని మరల చూచినది. అతడు మరణించి అప్పటికి 72 సంవత్సరములు.

ఇప్పుడు నా మొదటి మాటకు వత్తును. బావర్ ఆలస్యముగా మొదలిడెనని సంతోషించితిని. అతని కళ కది నిజమే. నలువదియెనిమిదవ యేట మొదలిడినను లోటు లేకపోయినది. డెబ్బదిరెండేండ్లు మూలబడినను చెడలేదు. కాని అతని కథలో వేరా చెప్పిన ఆలస్యము వేరు. పుస్తకము ఎప్పుడైన వ్రాయవచ్చును. ఒక మనిషి నిజము చెప్పి నీ ముఖమువంక చూచు క్షణము ఒక్కమారే వచ్చును.

ఒక రాత్రి, ఆ యువతికి జాబు వ్రాయుదునని నా భార్యతో అంటిని. ఆమె ఏ యూర నున్నదో బంధువుల ద్వారా తెలిసికొనుట కష్టము కాదు. నా భార్య కొంతసేపు ఊరకుండి, “ఎందుకండీ? మీ మనసు తేలికపడడానికి ఆమెను మళ్లీ కదిలిస్తారా?” అన్నది. పశ్చాత్తాపముతో తలుపు తట్టిన రాకుమారుడు నాకు జ్ఞాపకము వచ్చెను. అతడును తన బాధను దింపుకొనుటకే పోయెను. నేను జాబు వ్రాయలేదు.

ఈ సంవత్సరము తొమ్మిదవ తరగతికి శకుంతలోపాఖ్యానము చెప్పుచు, ఎప్పుడును లేనిది, ఆకాశవాణి పలుకుటకు ముందే పుస్తకము మూసితిని. మూడవ వరుసలో కూర్చున్న బాలిక యొకతె లేచి, “ఆకాశవాణి పలకకపోతే ఏమయ్యేదండీ?” అని యడిగినది. ఇట్టి ప్రశ్నకు పూర్వము నా వద్ద నొక సమాధాన ముండెడిది. సత్యమునకు ఎప్పటికైన జయమే యని చెప్పి పాఠము ముందునకు సాగించెడివాడను. ఈ మారు ఆ మాట నోటికి రాలేదు. “ఆ సభలో ఇంకను ఎంతమంది కూర్చుండిరో చూడండి. వారిలో నొక్కరైన లేచి మాటాడవచ్చును గదా? ఎవ్వరును మాటాడలేదు. ఏల మాటాడలేదో రేపు వ్రాసి తెండు” అంటిని.

నలువదిమంది పిల్లలు వ్రాసి తెచ్చిరి. వానిని దిద్దుటకు నేనింకను ఎఱ్ఱ సిరా తీయలేదు.